గొడ్డుపందుల బేరం

"ఇది కూడా గొడ్డుదే. తీసకపో," అన్నాడు కుప్పయ్య.

పెంచలయ్య నవ్వు ఆపుకున్నాడు. పందుల బేరగాడు ఆయన. కుంచెడు రాగులు కొలిచి పోసి, బలిసిన ఆడపంది కాళ్ళు కట్టి బండిలో వేసుకున్నాడు. దాని ఎడమ చెవికి చీలిక ఉంది. కుప్పయ్య దొడ్డి గుర్తు అది. యుద్ధం రోజులు. దండుకు మాంసం ఎంతైనా చాలడం లేదని, కోతకు పోయేదానికి ఇంతకు మించి ఇవ్వలేనని పెంచలయ్య చెప్పేవాడు.

స్వర్ణముఖి పక్కన కుప్పయ్య దొడ్డి అంటే ఒకప్పుడు పెద్ద పేరు. ఆ దొడ్డి ఖాళీ కావాలి. అందులో కుప్పయ్య ఒక్కడే దిక్కులు చూస్తూ నిలబడాలి. పెంచలయ్యకు ఇంకే కోరికా లేదు.

ఆ పగకు కారణం అక్కమ్మ. కుప్పయ్య మొదటి భార్య. పందుల మంచిచెడ్డలన్నీ ఆమే చూసేది. ఒకరోజు మొగుడికి ఉన్నమాట చెప్పింది.

"జమీందారు ముసిలిదైపోయింది. దాని వీర్యం చీము మాదిరి కంపు కొడతా ఉండాది. దాంతో దాటిస్తే ఆడవాటికి చూలు నిలవదు. వయసులో ఉండేదాన్ని తెచ్చి దాటిద్దాం."

జమీందారు అంటే కుప్పయ్య మగపంది. వంకీ తిరిగిన కోరలు, దూడంత ఒళ్ళు. దాన్ని చూసుకుని కుప్పయ్య మీసం తిప్పేవాడు. ఆయనకూ అప్పటికే యాభై దాటాయి, పిల్లలు లేరు. అక్కమ్మ పంది గురించే అన్నదని ఆ మహానుభావుడికి అనిపించలేదు. చెంప పగలగొట్టాడు. వారం తిరక్కుండానే కులపెద్దలను కూర్చోబెట్టి, గొడ్రాలని చెప్పి తాళి తెంచేశాడు.

విడిపోయిన ఆడదానికి దొడ్డిలోంచి ఒక జీవాన్ని ఇచ్చి పంపడం వాళ్ళ కట్టుబాటు. ఏది కావాలంటే అది పట్టుకోమన్నారు పెద్దలు. అక్కమ్మ అన్నింటినీ చూసి చూసి, మొండితోక ఉన్న పీలపాటి పోతు పందిపిల్లను ఎత్తుకుంది. అందరూ పగలబడి నవ్వారు. బేరానికి వచ్చి ఓ పక్కన నిలబడిన పెంచలయ్య మాత్రం పళ్ళు కొరుక్కున్నాడు. ఆమె ఏడుస్తూ ఏటి వైపు పోవడం చూసినవాళ్ళు ఉన్నారు గానీ, ఆ తర్వాత ఆ పల్లెలో ఆమెను చూసినవాళ్ళు లేరు.

అప్పటినుంచి పెంచలయ్య ఆ దొడ్డికి తిరుగుతూనే ఉన్నాడు. ఆడపందులు ఎదకు వస్తున్నాయి, దాటుతున్నాయి, చూలు మాత్రం నిలవడం లేదు. నిలిచినా నెలలు నిండకుండానే ఈసుకుపోతోంది. కొత్తగా కట్టుకున్న చెంగమ్మకూ నెల తప్పలేదు. మగపందిని మార్చి చూడమని ఎవరైనా అంటే కుప్పయ్య కొట్టినంత పని చేసేవాడు.

"మగదానికి వయసేందప్పా?" అని పెంచలయ్యను అడిగేవాడు.

"బాగా చెప్పినావప్పా. తప్పంతా ఆడవాటిదే."

ఆ మాట అనేసి పెంచలయ్య ఇంకో పందిని బండెక్కించుకుని పోయేవాడు.

చివరికి జమీందారు చచ్చింది. దొడ్డిలో ఒక్క ఆడపంది మిగిలింది. కుప్పయ్య పొగరు దిగిపోయింది. ఎక్కడైనా మంచి మగపంది ఉంటే చూపించమని పెంచలయ్య చేతులు పట్టుకున్నాడు. ఈ ఒక్కరోజు కోసమే పెంచలయ్య ఇన్నేళ్ళూ నోరు మూసుకుని ఉన్నాడు.

"పూతలపట్టులో ఉండాదప్పా. పద, పోదాం."

ఆ మిగిలినదాన్ని బండిలో వేసుకుని ఇద్దరూ బయలుదేరారు. పూతలపట్టులో ఒక దొడ్డి ముందు దిగేసరికి లోపలంతా పందిపిల్లల అరుపులు. నడుమ ఒక మగపంది నిగనిగలాడుతూ, మొండితోక ఆడిస్తూ తిరుగుతోంది. చుట్టూ ఆడపందులు పడుకుని పిల్లలకు పాలిస్తున్నాయి. కుప్పయ్య ఒకదాని చెవి చూశాడు. ఇంకోదాని చెవి చూశాడు. అన్నింటి ఎడమ చెవికీ చీలికే.

"ఇవి కోతకు పోలేదా?" అన్నాడు.

"దొడ్డి మా ఇంటిదానిది. దాన్నే అడుగప్పా," అన్నాడు పెంచలయ్య.

చంకలో ఒక బిడ్డతో, కడుపులో ఇంకో బిడ్డతో గుడిసెలోంచి వచ్చిన అక్కమ్మ, కుప్పయ్య మొహమైనా చూడకుండా బండిలోని పందిని చూసి, "ఇది కూడా గొడ్డుదేనా? దించి లోపలికి తోలు," అంది.