అప్పలస్వామి గొంతు

...ఉప్పు తక్కువైతే రెండు రోజులు అలిగే మనిషి, తనను చంపినవాళ్ళను ఎలా క్షమించగలడు? వేదిక మీద కూర్చున్న వరాలమ్మకు అదే ఆలోచన. ఇప్పుడు ఊరూరా శాంతి సభల్లో చనిపోయినవాళ్ళ గొంతులను యంత్రాలే పలికిస్తున్నాయి. సమ్మెలో జరిగిన కాల్పుల్లో చనిపోయిన ఆమె భర్త అప్పలస్వామి కూడా ఏటా ఆ యంత్రపు పెట్టెలోంచి "క్షమించాను" అంటాడు. కాల్చిందెవరో మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. అయినా ఆ గొంతు కోసమే ఆమె వస్తుంది. అది వినిపించేది ఏడాదికి ఈ ఒక్కపూటే.

"అత్తా, ఈసారి మావయ్య సేత రెండుసార్లు సెప్పిత్తాం," అంది సభ నడిపే గౌరీశ్వరి.

"బతికుండగా నాకే ఒక్కసారీ సెప్పనేదమ్మా."

"అందుకే కదత్తా, ఇప్పుడు సెప్తన్నాడు!"

పెట్టెలోంచి దగ్గు వినిపించింది, అచ్చం ఆయనే. వరాలమ్మ ఆ దగ్గు చివరిదాకా విని, మాట మొదలవకముందే తీగ పీకేసింది.