ఎడమ తలుపు మీద సొట్ట

"నేను ఆపినప్పుడు ఈ సొట్ట లేదు మామయ్యా. నిజంగా లేదు," అన్నాడు అల్లుడు మళ్ళీ.

మామగారు వినిపించుకోలేదు. లాక్కొచ్చిన బళ్ళు పెట్టే టోయింగ్ యార్డులో, దుమ్ము పట్టిన కార్ల మధ్య, తన కారు ఎడమవైపు వెనక తలుపు దగ్గర గొంతుక్కూర్చున్నారు. జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు సొట్ట మీద అరచెయ్యి వేసి చూస్తున్నారు. నిన్న పన్ను పీకించుకుని, మాత్ర వేసుకుని రోజంతా పడుకున్నారు. ఆయన ఎడమ బుగ్గ ఇంకా వాచే ఉంది. బుగ్గ బయటికి, తలుపు లోపలికి. అల్లుడికి నవ్వొచ్చింది కానీ, నవ్వితే కొంప మునిగేలా ఉంది.

ఆ కారు సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. "వయసులో పెద్దదాన్ని నేనే కానీ, నాన్నకి ముద్దుల కూతురు మాత్రం అదే," అంటుంది అల్లుడి భార్య. తాళాలు దిండు కింద పెట్టుకుని పడుకునే మనిషాయన. డ్రైవింగ్ నేర్చుకుంటానని అత్తగారు ఏళ్ళ తరబడి పోరుతుంటే, "అదేమన్నా ఆటవస్తువా?" అని కొట్టిపారేస్తూ వచ్చారు. అలాంటిది ఇవాళ పొద్దున, అత్తగారు పట్టుబట్టడంతో, పెళ్ళయ్యాక మొదటిసారి అల్లుడి చేతిలో తాళాలు పెట్టారు. ఆ నమ్మకం కాస్తా మధ్యాహ్నానికల్లా మంటగలిసింది.

"నో పార్కింగ్‌లో పెట్టడానికి నీకు బుద్ధుందా అసలు?"

కళ్ళజోళ్ళ షాపుకి ఎదురుగా, గోడకి ఆనించి ఆపమన్నది అత్తగారే. బోర్డు ఉంది అత్తయ్యా అంటే, "అది ఏనాటిదో బాబూ, ఎవరూ పట్టించుకోరు," అన్నదీ ఆవిడే. ఆపైన షాపులో ఉన్న ఫ్రేములన్నీ పెట్టుకుని, ఏది నప్పిందో చెప్పమని ప్రాణం తీశారు. మధ్యలో ఒక ఫ్రేము ఎండలో ఎలా ఉంటుందో చూసుకొస్తానని వరండాలోకి వెళ్ళి చాలాసేపు రానేలేదు. తీరా ఇద్దరూ బయటికొచ్చేసరికి గోడ ఉంది, బోర్డు ఉంది, కారు లేదు. అయినా ఆవిడ మీదికి నెట్టడం బాగుండదని అల్లుడు నోరు మూసుకున్నాడు.

"అతన్నేమీ అనకండి. అక్కడ పెట్టమన్నది నేను," అన్నారు అత్తగారు.

అల్లుడికి ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది.

మామగారి కోపం యార్డు సూపర్‌వైజర్ మీదికి మళ్ళింది. బుగ్గ వాపు వల్ల తిట్లలో సగమే బయటికొస్తున్నాయి.

"ఎవడయ్యా దీన్ని లాక్కొచ్చింది? పిలు ముందు!"

"మా వాళ్ళు ముందు చక్రాలు ఎత్తి తెస్తారు సార్. వెనక తలుపుకి దెబ్బ ఎలా తగుల్తుంది?"

"అంటే మేం అబద్ధం చెప్తున్నామా?"

టోయింగ్ డ్రైవర్ వచ్చి నిలబడ్డాడు. "నేను ఎత్తేటప్పటికే ఉంది సార్. పైవాళ్ళకి ఫిర్యాదు చేస్తే నా ఉద్యోగం పోతుంది," అన్నాడు, ఏడుపు ఒక్కటే తక్కువ.

"చేసే తీరతాను!"

అత్తగారు చప్పున మధ్యలోకి వచ్చారు. "ఊరుకోండి. అతని కడుపు కొడితే మన తలుపు బాగవుతుందా? ఏదో వేళ బాలేదు. మీరిలా అరిస్తే ఆ కుట్లు ఊడతాయి."

కుట్ల మాట ఎత్తగానే మామగారు బుగ్గ పట్టుకున్నారు.

"సరే పోనీ. నీ మీద కూడా కోపం లేదులేవయ్యా," అన్నారు అల్లుడితో. తర్వాత కారు వైపు చూసి, భార్య వైపు తిరిగారు. "ఇంత మచ్చ పడ్డాక ఇంక దీన్ని అపురూపంగా చూసుకుని ఏం లాభం? డ్రైవింగ్ నేర్చుకుంటానని చంపుతున్నావుగా. దీని మీదే నేర్చుకో."

"నాకెందుకండీ ఈ వయసులో?" అన్నారు అత్తగారు, చేతులు మాత్రం అప్పుడే తాళాల కోసం చాస్తూ.

మామగారు సంతకం పెట్టడానికి ఆఫీసు గదిలోకి వెళ్ళారు. అల్లుడు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"మీరు లేకపోతే ఇవాళ నా పని అయిపోయేదే అత్తయ్యా! అయినా ఆ వీధిలో అన్ని బళ్ళుండగా, వీళ్ళకి మన కారే కనిపించిందా?"

అత్తగారు ఆఫీసు గది వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించారు.

"నిన్న మన గేటుకి గుద్దిందీ నేనే, ఇవాళ వీళ్ళకి ఫోన్ చేసిందీ నేనే బాబూ."