అచ్చులో సొట్ట

“మీ బరువెంత?” అని అడిగిందామె.

మోకాలి లోతు నీళ్లలో కొత్త కయాక్‌ని పట్టుకుని నిలబడ్డ మేస్త్రి తలెత్తాడు. పడవ కొనడానికొచ్చి తన బరువు అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు.

“డెబ్బై ఎనిమిదమ్మా. మా ఆవిడ లెక్కలో ఎనభై దాటేసింది.”

“సరిపోతుంది. ఎక్కండి.”

ఇద్దరు ముందూ వెనకా కూర్చుని, తెడ్డు వేసుకుంటూ చేపలు పట్టుకునే సన్నటి ఫైబరు పడవ అది. నీలం రంగు వాసన ఇంకా పోలేదు. మేస్త్రి ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. ఒడ్డు మీద ఆమె, పక్కనే ఆమె రెండేళ్ల పాపను ఎత్తుకుని మరిది. పడవ మరిది కోసమేనని వస్తూనే చెప్పింది. ఇంటాయన రాలేదా అని అడిగితే, “ఆయన రాలేరు” అంది.

ఈ బేరం తప్పిపోకూడదు. మేస్త్రి షెడ్డులో మనిషి అడుగుపెట్టి నాలుగు నెలలయింది. ఆయన చేసిన మొదటి కయాక్‌ని, పసుపు రంగుదాన్ని, పొరుగూరి దుకాణంవాళ్లు ఎవరికో అమ్మారు. ఇద్దరు దాన్ని ఏదో డ్యాములోకి తీసుకెళ్లారట. పెద్ద చేపను లాగుతుంటే తిరగబడిందట. ఒకరు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు, ఒకరు రాలేదు. పోయిందెవరో, మిగిలిందెవరో మేస్త్రికి తెలియదు. తన పేరు పోయిందని మాత్రం తెలుసు. “మేస్త్రి పడవ ఎక్కేముందు ఇంట్లో వీడ్కోలు చెప్పి రావాలి” అని టీకొట్టు దగ్గర నవ్వుకుంటున్నారు.

ఆ మాట ఈమె చెవిన పడి ఉండకూడదని లోలోపల మొక్కుకుంటూ పడవలో లేచి నిలబడ్డాడు. పడవ ఊగలేదు.

“చూశారా, నట్టింట్లో నిలబడ్డట్టుంది.”

“ఎడమ పక్కకి వంగండి.”

వంగాడు.

“అలా కాదు. పెద్ద చేప తగిలితే లాగినట్టు.”

టీకొట్టు మాట ఈమె విన్నట్టే ఉంది. ఏమీ ఎరగనట్టు, ఆమె చెప్పిన ప్రకారమే ఇసుక బస్తాకి తాడు కట్టి నీళ్లలో పడేసి, ఎడమ పక్కకి ఒరిగి లాగాడు. అంచు నీళ్లకి నాలుగు వేళ్ల ఎత్తున ఆగిపోయింది.

“పెళ్లిచూపుల్లో మా అత్తగారు కూడా ఇన్ని పరీక్షలు పెట్టలేదమ్మా.”

“చాల్లే వదినా,” అన్నాడు మరిది. “ఎండ ముదిరింది, పాప కందిపోతోంది. నీళ్ల మీద ఏ పడవనైనా నమ్మలేం.”

“అయితే నువ్వే వెనక కూర్చుని చూడు చిన్నా. నీకోసమే కదా.”

“నేనెందుకు? ఆయన చూపిస్తున్నాడుగా.”

“ఈతొచ్చినవాడివి, నీకేం భయం?”

మరిది కదల్లేదు. పాప పడవలో ఉన్న మేస్త్రి వైపు వేలు చూపిస్తూ “నాన్న” అంది.

“ఈ వయసుకి మీసమున్న ప్రతివాడూ నాన్నేలే,” అన్నాడు మేస్త్రి. ఎవరూ నవ్వలేదు.

ఆమె చెప్పులు విడిచి, కుచ్చెళ్లు ఎగదోపుకుని, తనే నీళ్లలోకి దిగి వెనక సీటెక్కింది. తనకి ఈత రాదంది. అంచు పట్టుకున్న వేళ్లు తెల్లబడిపోయాయి. అయినా, “ఇప్పుడు లాగండి” అంది.

ఆయన లాగాడు. ఆమె కూడా అదే పక్కకి ఒళ్లంతా మోపి వాలింది. నీళ్లు అంచుదాకా వచ్చాయి. పడవ ఒక్క క్షణం ఆలోచించి, మొండి గేదెలా మళ్లీ సర్దుకుంది.

“ఇంకోసారి.”

మూడుసార్లయింది.

“ఏం చేస్తే తిరగబడుతుంది?”

“అమ్మా, దీంట్లోంచి మనిషిని తోసెయ్యొచ్చేమో గానీ, దీన్ని తిరగెయ్యడం నా వల్ల కాదు,” అన్నాడు మేస్త్రి రొప్పుతూ.

ఒడ్డుకి లాగాక ఆమె పడవ ముక్కు అడుగున చెయ్యి పెట్టి తడిమింది. బొటనవేలు ఒకచోట ఆగింది. చింతగింజంత సొట్ట.

“ఇదేంటి?”

“అచ్చులో ఉందమ్మా. దానివల్ల ఏమీ కాదు.”

“ఆ అచ్చులో తీసిన ప్రతిదానికీ వస్తుందా?”

“వస్తుంది.”

“ఇంతకుముందు ఎన్ని తీశారు?”

షెడ్డు ముందు ‘కొత్త మోడల్’ అని బోర్డు పెట్టించింది ఆయన భార్య. పసుపు బదులు నీలం వేస్తే జనం మర్చిపోతారంది. ఇదే మొదటిదని చెప్పేస్తే సరిపోయేది. అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. ఎండకి కళ్లు చికిలించుకుంటున్న పాపను చూసేసరికి అక్కడే ఆగిపోయింది.

“ఒకటి తీశాను. కొత్త మోడలూ లేదు, పాడూ లేదు. రంగొక్కటే మార్చాను. ఆ మొదటిది తిరగబడి మనిషి పోయాడన్నారు. అదెలా తిరగబడిందో నాకీరోజుకీ అంతుపట్టదు. ఇక మీ ఇష్టం.”

“కొలతలు?”

“వెంట్రుకవాసి కూడా మార్చలేదు.”

బేరం పోయిందనుకుని ఆయన తల దించుకుని తాడు చుట్టడం మొదలుపెట్టాడు.

“మీ పడవలో లోపం లేదు మేస్త్రిగారూ,” అందామె. “మా పసుపుదానికీ ఇక్కడే సొట్ట. రెండూ ఒకటేనని మీ నోటితో విందామనే వచ్చాను.”

మరిది చేతుల్లోంచి పాపను తీసుకుంది. గుండెకి హత్తుకుని, అతనికి అందనంత దూరం వెనక్కి నడిచి ఆగింది.

“మరి ఆ రోజు మీ అన్నయ్య ఎలా పడ్డారు చిన్నా?”