నాచు గుడ్డ

గోవిందరావు కాలి మీది గుడ్డను కట్లు కట్టే డ్రెస్సర్ నూకయ్య ఒక్క లాగు లాగాడు.

రైల్వే ఆసుపత్రి వార్డు దద్దరిల్లేలా అరిచాడు గోవిందరావు.

రాత్రంతా గాయానికి అతుక్కుని, ఎండి, అట్టకట్టిన గుడ్డ అది. ఊరికే రాలేదు. అడుగున అప్పుడప్పుడే పుడుతున్న లేత చర్మాన్ని కూడా వెంటబెట్టుకుని వచ్చింది.

మంచం పక్కన నిలబడిన అతని భార్య అప్పలకొండ పళ్ళు బిగించి కళ్ళు మూసుకుంది.

గోవిందరావు ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో, బాయిలర్ షాపు ఖలాసీ. ఆవిరి గొట్టం పగిలి మోకాలి నుంచి మడమ దాకా కాలు ఉడికిపోయింది. గాయం మానకుండా రోజూ ఇలాగే రేగుతూ ఉంటే కాలు తీసేయక తప్పదని డాక్టరు ముందే చెప్పాడు. కాలు పోతే పని పోతుంది. పని పోతే తలదాచుకుంటున్న క్వార్టరు కూడా పోతుంది.

ఆమె కళ్ళు తెరిచేసరికి నూకయ్య పక్క మంచం దగ్గరికి వెళ్ళాడు.

ఆ మంచం మీద ఉన్నది గూడ్సు గార్డు కృపారావు. వాల్తేరు నుంచి వస్తూండగా బండి చివరి బ్రేకువానులో దీపం పడి అంటుకుని, తొడలు కాలి, ఈ ఊళ్ళో దిగబడిన నెరిసిన తల మనిషి. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు.

నూకయ్య ఆయన గాయం మీద ఉప్పునీళ్ళు పోశాడు. ఆయన కట్టు గుడ్డలా లేదు. తాటిముంజెలా జిగురుగా మారిపోయి, వేలు తగలగానే జారి వచ్చింది. కింద గాయం తడితడిగా, ఎర్రగా, శుభ్రంగా ఉంది.

గార్డు కనీసం మూలగలేదు.

నూకయ్య తోపుడు బల్ల మీది రేకు డబ్బాలోంచి మరో తెల్లటి మెత్తని ముక్క తీశాడు.

"ఏటది?" అడిగింది అప్పలకొండ.

"నాసు గుడ్డమ్మా. సముద్రంలో నాసుతోటి సేస్తారట. పుండులో తడి పీల్సుకుని జిగురైపోద్ది. అంటుకోదు."

"మరి మాకెందుకెయ్యవు?"

నూకయ్య గార్డు వంక ఒకసారి చూసి, బల్ల తోసుకుని వెళ్ళిపోయాడు.

ఆ చూపు అప్పలకొండ కంటపడింది. ఆమె ఒళ్ళు మండిపోయింది.

డాక్టరు రాగానే దారికడ్డంగా నిలబడింది.

"డాట్రు బాబూ! జీతాలకి గ్రేడులున్నట్టు కాలిన తోలుక్కూడా గ్రేడులున్నాయేటి? గార్డుకి మెత్తటి గుడ్డా, కలాసీకి ముతక గుడ్డా?"

"మెల్లగా అమ్మా, మెల్లగా," అంది డాక్టరు వెంట వచ్చిన సిస్టర్ ఎలీసమ్మ.

"ఏటి మెల్లగా? కలాసీ కదాని ఆవిరి మా ఆయన్ని మెల్లగా కాల్సిందా?"

డాక్టరు బెంగాలీ. "కీ హోయేఛే, సిస్టర్?" అని ఏం జరిగిందో అడిగాడు.

ఎలీసమ్మ నోరు విప్పేలోగానే అప్పలకొండ గార్డు వైపు తిరిగింది.

"నువ్వయినా సెప్పు బాబూ. తెలుగోడివే కదా. ఇది నాయంగా ఉందా?"

గార్డు ఆమె ముఖంలోకి చూశాడు.

"లేదమ్మా. నువ్వన్నదే న్యాయం."

"నాయం కాదని తెలిసీ ఎలాగ పడుకున్నావు బాబూ, సల్లగా!"

మర్నాడు ఉదయం నూకయ్య గోవిందరావు కాలి మీద నాచు గుడ్డ పరిచాడు. ఆ తరవాత అతను ఒక్కసారి కూడా అరవలేదు.

"సూసినావా? నోరెట్టి అడక్కపోతే ఎవులూ ఇవ్వరు," అంది అప్పలకొండ భర్తతో. ఆ సాయంత్రం కుళాయి దగ్గర క్వార్టర్ల లైనంతటికీ అదే చెప్పింది.

ఇప్పుడు అరుపులు పక్క మంచం మీంచి రాసాగాయి.

మొదట పెదవి కొరుక్కుని ఓర్చుకున్న గార్డు, తరవాత ఓర్చుకోలేకపోయాడు. ముతక గుడ్డకు అంటుకుని ఆయన చర్మం ఊడివస్తూంటే అప్పలకొండకు జాలి కలగకపోలేదు. కాని ఇన్నాళ్ళూ తన భర్త పడ్డ బాధ ఆ జాలిని మింగేసింది.

"ఇప్పుడు తెలిసిందా బాబూ, కలాసీ గుడ్డ ఎలాగుంటదో?"

"తెలిసిందమ్మా," అన్నాడాయన, చెమట తుడుచుకుంటూ. "మీ ఆయన కాలు ఎలా ఉంది?"

"కొత్త తోలొచ్చేస్తంది."

"మంచిది."

వెక్కిరిస్తున్నాడనుకుంది. మూతి తిప్పుకుని వచ్చేసింది.

కొన్నాళ్ళకు గార్డుకు జ్వరం తగిలింది. గాయాలు చీము పట్టాయి. ఆయన మంచం చుట్టూ తెర కట్టారు.

గోవిందరావు తన కాళ్ళ మీద తాను నిలబడి ఇంటికి బయలుదేరిన ఉదయానికి ఆ తెర లేదు. పరుపు మడిచి ఉంది. తెల్లచీర కట్టుకున్న అమ్మాయి ఒకతె గార్డు ఎర్రజెండానూ పచ్చజెండానూ కలిపి చుట్టి సంచిలో పెడుతోంది.

అప్పలకొండ అటు ఒక్క క్షణం చూసి ఎలీసమ్మ వైపు తిరిగింది.

"ఇంటికాడ కట్టుకోడానికి ఆ నాసు గుడ్డ ఓ ముక్క ఇయ్యండి సిస్టరమ్మా."

"అయిపోయిందమ్మా."

"అయిపోతే మళ్ళీ తెప్పించండి! మేం కలాసీలమనేనా? డాట్రు బాబు కాడికే ఎల్తాను ఉండండి."

ఎలీసమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఈ ఆసుపత్రికి అలాంటి గుడ్డ ఎన్నడూ రాలేదమ్మా," అంది, గొంతు తగ్గించి. "అదిగో, ఆ అమ్మాయి కలకత్తా రేవు ఆసుపత్రిలో నర్సు. ఇంగ్లండు ఓడలవాళ్ళని బతిమాలి వాళ్ళ నాన్న కోసం పంపుకున్న డబ్బా అది. నువ్వు అరిచిన రోజునే ఆయన నన్ను పిలిచి, 'ఆవిడ అడిగింది న్యాయం, దానం కాదు. నాదని చెప్పకండి, ఆసుపత్రే ఇచ్చిందని చెప్పి వాళ్ళాయనకి కట్టండి' అన్నారు."