రాతి బొమ్మల కాపలా

ఎవరో గుమ్మం దాకా వచ్చారు. ఆగారు. వెనక్కి వెళ్ళిపోయారు.

పొద్దున్నుంచీ ఇదే వరస. ఖలందర్ కుర్చీలో ఒళ్ళు సర్దుకుని నిట్టూర్చాడు. కువైట్‌లో ఒక యూనివర్సిటీ మ్యూజియం. అందులో గ్రీకు రాతి బొమ్మల హాలుకి ఆయన కాపలాదారు. రాయచోటి నుంచి వచ్చి ఎన్నేళ్ళయిందని అడిగితే విసుక్కుంటాడు. మోకాళ్ళనడగండి, అవే చెబుతాయి అంటాడు.

ఇంకో రోజైతే ఎవరూ రాకపోతేనే హాయి. ఇవాళ అలా కాదు. జనం రాని హాలుకి మనిషెందుకు, బయట కార్ల గేటుకి మారుద్దామని సూపర్‌వైజర్ రామాంజనేయులు ఆలోచన. సాయంత్రానికి తేలుస్తానన్నాడు.

గేటంటే వచ్చే పోయే ప్రతి బండి స్టిక్కరూ చూడాలి. ప్రతి ఐడీ కార్డూ చూడాలి. అది తన వల్ల కాదు. చేతకాదంటే ఖలాస్, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు కొట్టేసి ఇంటికి పంపేస్తారు. అక్కడ కూతురు మిస్బా నర్సింగ్ చదువు సగంలో ఉంది.

“ఎండకు తట్టుకోలేను నాయనా, నీడపట్టున ఉండనీ” అని నిన్ననే బతిమాలాడు.

“ఎండ అందరికీ ఎండే గదా మామా” అన్నాడు రామాంజనేయులు. కడప మనిషే, చెడ్డవాడేం కాదు. పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి పాపం.

పొద్దున బస్సు దిగాక మునాఫ్ ఎప్పట్లాగే భుజం మీద చేయి వేసి హాలు దాకా దిగబెట్టాడు. ఇద్దరిదీ ఒకటే గది. వాడి పని పక్క బిల్డింగులో.

“కుర్చీ ఇడిసి యాడికీ పోవాకు చిచ్చా. సాయంత్రం నేనే వచ్చి తీస్కపోతా.”

“పోరా, నేనేమన్నా చిన్నపిల్లోణ్ణా” అన్నాడు ఖలందర్.

వాడు వెళ్ళాక బొమ్మలన్నిటినీ ఒకసారి పలకరించాడు. ఎవర్నీ ముట్టుకోనివ్వడు గానీ, తను మాత్రం ముట్టుకుంటాడు. కుస్తీవాడి మోకాలు, తలలేని ఆడమనిషి కుచ్చిళ్ళు, ముసలాయన ఉంగరాల గడ్డం. ఏసీకి రాయి చల్లగా తగిలింది. వేల ఏళ్ళుగా నిలబడే ఉన్నారు వీళ్ళు. తనకి కనీసం కుర్చీ అయినా ఇచ్చారు.

మధ్యాహ్నం ఆడపిల్లల గుంపు ఒకటి వచ్చింది. గుమ్మంలోనే గుసగుసలు, కిసుక్కున నవ్వులు. అంతలోనే చెప్పుల చప్పుడు దూరమైపోయింది. ఒంటి మీద నూలుపోగు లేని మగ బొమ్మలాయె, సిగ్గుపడ్డారనుకున్నాడు. ఇక్కడ అది మామూలే.

ఆ తర్వాత ఒక ప్రొఫెసరు వచ్చాడు. “యల్లా, యల్లా” అంటూ కుర్రాళ్ళని గుమ్మంలోంచే మళ్ళించుకుపోయాడు. ఈయనకి కూడా సిగ్గేనా? ఖలందర్‌కి దిగులు పట్టుకుంది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు లోపలికొస్తే వీళ్ళ సొమ్మేం పోతుంది?

సాయంత్రం వరండాలోంచే రామాంజనేయులు కేక వినిపించింది.

“మామా, నీ పంట పండింది పో. నిన్ను కదిలించొద్దని మ్యూజియం పెద్ద మేడం చెప్పేసింది. బొమ్మ మీద చెయ్యి పడకముందే అరుస్తాడు, ఆ మనిషికి ఈపున గూడా కండ్లుండాయి అనింది. గేటుకు నాగరాజును ఏసినా.”

ఖలందర్ లేచి నిలబడ్డాడు. మిస్బా చదువు గట్టెక్కినట్టే.

“నీ కడుపు చల్లగుండ నాయనా” అన్నాడు.

అడుగులు గుమ్మం దగ్గరికొచ్చాయి. పొద్దున్నుంచీ వచ్చినవాళ్ళందరి అడుగుల్లాగే అక్కడే ఆగిపోయాయి.

“పొద్దన్నించి ఈ పక్కంతా లైట్ల లైను తీసేసినారు గదా, కన్ను పొడుచుకున్నా కనపడని ఈ చీకట్లో ఒక్కనివే కూచోని ఏం జూస్తాండావు మామా?”