రెండో గ్లాసు

"ఇలా రా మేరమ్మా. తలుపు దగ్గరగా వేసి రా. జూలీ లేవకూడదు."

భార్య లేవకుండా ప్రీతమ్ గొంతు తగ్గించి పిలిచేసరికి పనిమనిషి మేరీకుమారి బెదిరిపోయింది. కడుగుతున్న గిన్నె సింకులోనే వదిలేసి, చున్నీకి చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది. బల్ల మీద రెండు వైన్ సీసాలు, రెండు గ్లాసులు. ఒక సీసాకి భుజాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. రెండోదానికి జారిపోయి ఉన్నాయి.

ఆ జారుడు భుజాల సీసాని ఆమె చూడగానే పోల్చుకుంది.

పొద్దున అల్మారా దులుపుతుంటే చెయ్యి తగిలి పడింది అదే. సీసా పగల్లేదు గానీ, వదులుగా పెట్టిన బిరడా ఊడిపోయి లోపలిదంతా నేలపాలైంది. ప్రీతమ్ మస్కట్‌లో ఓ పెద్ద హోటల్లో వైన్లు రుచి చూసి ఎంచే ఉద్యోగస్తుడు. అల్ మవాలేలోని ఈ ఇంట్లో మనుషుల కన్నా సీసాలకే మర్యాద ఎక్కువ. ఇదివరకు ఇక్కడ పనిచేసిన కడప మున్నీని, సీసాలో మట్టం తగ్గిందన్న అనుమానం మీదే విమానం ఎక్కించేశారు. తాగిందో లేదో దేవుడికెరుక. ఇప్పుడు తననీ పంపేస్తే నరసాపురంలో కూతురు అబిగైల్ నర్సింగు చదువు మధ్యలోనే ఆగిపోతుంది.

భయానికి బుద్ధి పెడదోవ పట్టింది. శుక్రవారం ఆరాధనలో ప్రభువు బల్ల కోసం నల్లద్రాక్ష కాచి, పంచదార వేసి, వడగట్టి ఫ్రిజ్‌లో పెట్టుకున్న రసం ఉంది. సంఘంలో ప్రతిసారీ అది కాచేది తనే. రంగు కలిసేదాకా నీళ్ళు కలిపి, గరాటుతో సీసాలో పోసి, బిరడా బిగించేసింది. ఫినాయిలుతో నేల తుడిచింది. కానా పెళ్ళిలో ప్రభువు నీళ్ళని ద్రాక్షారసం చేశాడు. "నేను ద్రాక్షారసాన్ని పానకం చేశాను తండ్రీ, క్షమించు" అని లెంపలు వేసుకుంది.

ఆ వణుకులో మధ్యాహ్నం చేపల పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. తను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. ఉప్పు రవ్వంత ఎక్కువైతే కంచం నెట్టేసే ప్రీతమ్ మాత్రం పల్లెత్తు మాట అనకుండా ఊడ్చుకు తిన్నాడు. మొన్న జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ మనిషి అలాగే ఉన్నాడు. పక్కన పాలు మాడి ఇల్లంతా కంపు కొట్టినా తల ఎత్తడు. ఎవరి మీదో కోపం కడుపులో పెట్టుకున్నాడని ఆమె అనుకుంటూనే ఉంది. ఆ కోపం ఇప్పుడు తన మీదే పడబోతోంది.

"కూర్చో."

"పర్లేదండి బాబుగారూ."

"కూర్చోమన్నానా!"

స్టూలు అంచున కూర్చుంది.

"ఇవి రెండూ ఫ్రాన్సువే. సీమలు వేరు. ఇది బోర్డో, ఇది బర్గండీ. తేడా తెలుసా?"

"నాకెలా తెలుస్తాదండీ? మా నరసాపురం రొయ్యకీ కాకినాడ రొయ్యకీ తేడా అడగండి, కళ్ళు మూసుకుని చెప్తాను."

అతను నవ్వలేదు.

"బోర్డో నల్లగా, బలంగా ఉంటుంది. పచ్చి జామకాయ కొరికినట్టు వగరు, నాలుక పట్టేస్తుంది. బర్గండీ పల్చన. కొంచెం పులుపు, కొంచెం వాన పడ్డ మట్టివాసన. చప్పుడు చెయ్యకుండా గొంతు దిగుతుంది. అది గదమాయించే పెదనాన్న, ఇది బుజ్జగించే మేనత్త." పిల్లాడు పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పాడు. "రేపు హోటల్లో పెద్దల ముందు ఈ రెండూ ఎంచి చెప్పాలి. తేడా వస్తే నా ఉద్యోగం ఉండదు. అర్థమైందా?"

"ఆయ్" అంది.

రెండు గ్లాసుల్లో పోశాడు. సీసా మూతి గ్లాసుకి తగిలి టకటకమంది. కోపంతోనే అలా పోస్తున్నాడనుకుంది మేరీకుమారి.

మొదటి గ్లాసు తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక గుటక తాగాడు.

"వగరు" అన్నాడు, ఆమె మొహంలోకే చూస్తూ.

రెండో గ్లాసు ఎత్తాడు. కాచిన ద్రాక్ష వాసన బల్లకి ఇవతలున్న తనకే తెలుస్తోంది. అతను గుటక వేశాడు. కళ్ళు మూసుకున్నాడు.

"మెత్తగా ఉంది. మట్టివాసన. కదూ?"

మట్టివాసనేంటి! పాలు మరిచిన పిల్లాడికిచ్చినా పంచదార పానకం అని చెప్పేస్తాడు. పిల్లి ఎలుకని చంపే ముందు ఇలాగే ఆడిస్తుంది.

"ఏం, మాట్లాడవేం?" గ్లాసు ఆమె ముందుకి తోశాడు. "నువ్వు చూడు. ఏముందో నీ నోటితో చెప్పు."

"నాకొద్దు బాబుగారూ, మేం ముట్టం."

"చెప్పాలి మేరమ్మా. నువ్వే చెప్పాలి."

అంతే. ఇంకా దాచడం ఆమె వల్ల కాలేదు. స్టూలు మీంచి జారి నేల మీద కూలబడింది.

"నన్ను పంపెయ్యకండి బాబుగారూ! అబిగైల్ మీద ఒట్టు, నేను తాగలేదు. దులుపుతుంటే ఒలికిపోయింది. భయమేసి, ప్రభువు బల్లకి కాచుకున్న ద్రాక్షరసం అందులో పోసేశాను. మీరిప్పుడు తాగింది వైను కాదండీ. నల్లద్రాక్ష, నీళ్ళు, పంచదార, అంతే. మున్నీలా నన్ను కూడా ఎక్కించెయ్యకండి..."

అరుస్తాడనుకుంది. పాస్‌పోర్టు తెచ్చి మొహాన కొడతాడనుకుంది. ఎంతకీ ఏమీ జరక్కపోతే తల ఎత్తి చూసింది.

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండు చేతులతో ఆ గ్లాసు ఎత్తి అడుగుదాకా తాగాడు. మింగకుండా చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. తర్వాత జూలీ పడుకున్న గది వైపు ఒకసారి చూసి, వినీ వినిపించని గొంతుతో అడిగాడు.

"ఇది తియ్యగా ఉందా, మేరమ్మా?"