ఫ్లాష్ లేని ఫొటో

"ఆ ఫ్లాష్ ఆపప్పా. దాని ముఖాన సున్నం కొట్టినట్టుండాది," అంటూ పుష్పావతి మొగుడి చేతిలోంచి ఫోను లాక్కుంది.

సునీల్‌కుమార్ గిటారును మంచానికి ఆనించాడు. "పొద్దుగూకింది. ఫ్లాష్ లేకుండా ఎట్ల వస్తాది?"

"పగలు తియ్యి."

"పగలు నేను యాడుంటాను పుష్పా?"

నిజమే. మాలూరు ఫ్యాక్టరీలో చేరి రెండేళ్ళయింది. తెల్లారకముందే రైలెక్కితే దీపాలు పెట్టాకే ఇల్లు చేరడం. ఒకప్పుడు పెళ్ళిళ్ళలో అతను గిటారు పడితే భోజనాలు వదిలేసి వచ్చేవాళ్ళు. ఇప్పుడు గోడకు వేలాడుతున్న దాన్ని చూస్తేనే మనసు చివుక్కుమంటోంది. వాయించుకునే వాళ్ళెవరికైనా అమ్మేస్తే ఆ బాధైనా తప్పుతుందనుకున్నాడు.

"అమ్మేదైతే బాగా చూపించి అమ్మాల. ఆదివారం తీద్దాం," అంది పుష్పావతి.

మొదటి ఆదివారం వాకిట్లో పెట్టగానే ఆమె పెదవి విరిచింది. "తీగలు తుప్పు పట్టినాయి. ఎవురు కొంటారు?" రాబర్ట్‌సన్‌పేటకు పోయి కొత్త తీగలు తెచ్చి బిగించేసరికి ఎండ కాస్తా పోయింది.

రెండో ఆదివారం మబ్బు పట్టింది.

"అది పోయేదంకా ఊరికే కూర్చుంటావా? శ్రుతి సరిగ్గా ఉండాదో లేదో చూడు," అంది.

శ్రుతి చూడబోయి ఒక పాట వాయించాడు. దాని వెనకాలే ఇంకోటి. పక్కింటి మునిలక్ష్మమ్మ చేటలో రాగులతో సహా వచ్చి గడప మీద కూర్చుంది. మబ్బు ఎప్పుడు విడిచిందో ఎవరూ చూడలేదు.

మూడో ఆదివారం ఉదయం, నేరుగా ఎండ తగలకుండా చూరు కింద తీస్తే, తేనెరంగు చెక్క ఉన్నదున్నట్టు వచ్చింది. సునీల్‌కుమార్ దాన్ని పాత సామాన్లు అమ్మే యాప్‌లో పెట్టబోయాడు.

"నా నంబరు పెట్టు. డ్యూటీలో నిన్ను ఫోను తియ్యనియ్యరు కదా," అంది పుష్పావతి. అలాగే పెట్టాడు.

ఆ రోజు నుంచి చెప్పులు విప్పుతూనే అడిగేవాడు, "ఎవరన్నా ఫోను చేసినారా?" అని. ఆమె తల అడ్డంగా ఊపేది. అతను ఉసూరుమంటూ గిటారు తీసి, అన్నం ఉడికేదాకా వాయించేవాడు.

పదోరోజు నవ్వేశాడు. "ఇంగ చాలు పుష్పా. ఇది నాతోనే ఉండాలని రాసిపెట్టుండాది. యాప్‌లోంచి ఆ ఫొటో తీసేస్తా. నాకేం బాధ లేదు, నిజం చెప్తాండా."

"నీ ఇష్టమప్పా," అంది ఆమె, పొయ్యి మీద నుంచి చూపు తిప్పకుండా.

అతను హుషారుగా వాయించడం మొదలుపెట్టాడు. అంతలో పుష్పావతి ఫోను మోగింది. ఆమె పెరటివైపు వెళ్ళి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"గిటారు నిన్ననే అమ్ముడుపోయిందన్నా," అంది, పదకొండోసారి.